మూడు రోజులు తెరవకపోతే గట్టిగా మూసుకునే ఫోన్

మీ ఐఫోన్‌ను ఆపి, మళ్లీ ఆన్ చేయండి. పాస్‌కోడ్ కొట్టకుండా పక్కన పెట్టి, ఇంట్లోవాళ్ల ఫోన్ నుంచి దానికి కాల్ చేయమనండి. రింగవుతుంది. కానీ తెర మీద 'అమ్మ' అని రాదు, ఉత్త నంబరే కనిపిస్తుంది. పేర్లన్నీ ఆ ఫోన్లోనే ఉన్నాయి. వాటిని చదివే తాళంచెవి మాత్రం మీరు పాస్‌కోడ్ కొట్టాకే తయారవుతుంది. ఒకసారి తయారయ్యాక, తెర లాక్ చేసినా అది మెమరీలోనే ఉండిపోతుంది, ఫోన్ ఆపేదాకా.

ఫోరెన్సిక్ ల్యాబుల వాళ్లకు ఈ తేడాయే ప్రాణం. మొదటి అన్‌లాక్‌కు ముందున్న స్థితిని బీఎఫ్‌యూ అని, తర్వాతి స్థితిని ఏఎఫ్‌యూ అని అంటారు. ఏఎఫ్‌యూలో దొరికిన ఫోన్ నుంచి మెసేజ్‌లు, ఫొటోలు రాబట్టే అవకాశం ఎక్కువ. బీఎఫ్‌యూలో చాలా తక్కువ. అందుకే పట్టుకున్న ఫోన్‌ను ఆఫ్ కానివ్వకుండా ఛార్జింగ్ పెట్టి, సిగ్నల్ అందని సంచిలో ఉంచుతారు.

పోలీసులకూ ఫోన్ కంపెనీలకూ మధ్య పెనుగులాట ముదిరింది 2014 సెప్టెంబరులో, ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 8తో. అంతకుముందు వారెంటు తెస్తే, లాకైన ఫోన్ నుంచి కొంత సమాచారాన్ని యాపిలే తీసి ఇచ్చేది. కొత్త వెర్షన్‌లో ఎన్‌క్రిప్షన్‌ను, అంటే సమాచారాన్ని చదవలేని గుప్తరూపంలోకి మార్చే పద్ధతిని, పాస్‌కోడ్‌తో ముడిపెట్టేసి, ఇక మావల్ల కాదంది. 2015 డిసెంబరు 2న కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో ఓ జంట 14 మందిని కాల్చి చంపింది. ఆ జంటలో ఒకరు వాడిన ఐఫోన్ 5సీ ఎఫ్‌బీఐ చేతికి చిక్కింది. పదిసార్లు తప్పు పాస్‌కోడ్ కొడితే డేటా చెరిగిపోతుందేమోనని భయం. ఆ అడ్డు తొలగించే సాఫ్ట్‌వేర్ రాసివ్వమని 2016 ఫిబ్రవరి 16న కోర్టు యాపిల్‌ను ఆదేశించింది. అందుకు ఆధారం 1789 నాటి చట్టం! ఒక ఫోన్ కోసం చేసిన దొంగతాళం మిగతా ఫోన్లకూ పడుతుందని యాపిల్ ఒప్పుకోలేదు. మార్చి నెలాఖరుకు ఎఫ్‌బీఐ బయటివాళ్ల సాయంతో ఫోన్ తెరిపించుకుని, కేసు వదిలేసింది. అసలు ప్రశ్న తేలనేలేదు. ఆ తర్వాతి కథంతా దాని ఫలితమేనని నా నమ్మకం. చట్టం తేల్చని సంగతిని ఫోన్ల ఇంజినీర్లు, తాళాలు విప్పే కంపెనీలు వంతులవారీగా తేలుస్తూ వస్తున్నారు.

2018లో ఐఓఎస్ 11.4.1 వచ్చింది. లాక్ చేసి గంట దాటితే ఛార్జింగ్ పోర్టు గుండా డేటా పోదు. 2024 నవంబరులో అమెరికాలోని డెట్రాయిట్ పోలీసుల పత్రం ఒకటి బయటపడింది. ల్యాబులో దాచిన ఐఫోన్లు వాటంతట అవే రీస్టార్ట్ అవుతున్నాయట. ఫోన్లు ఒకదానికొకటి కబురు పంపుకుంటున్నాయేమోనని వాళ్లు అనుమానించారు. కబుర్లేమీ లేవు. యిస్కా క్లాసెన్ అనే పరిశోధకురాలు కోడ్ విప్పి చూస్తే అసలు సంగతి తెలిసింది. ఐఓఎస్ 18.1లో 72 గంటలు అన్‌లాక్ చేయకపోతే ఫోన్ రీస్టార్ట్ అవుతుంది, అంటే బీఎఫ్‌యూలోకి వెళ్లిపోతుంది. 2025 ఏప్రిల్‌లో గూగుల్ కూడా ఆండ్రాయిడ్‌కు మూడు రోజుల గడువుతో ఇలాంటిదే తెచ్చింది.

దొంగ చేతిలో పడ్డ ఫోన్‌కు ఇది పెద్ద రక్ష. కానీ హత్యో ఆత్మహత్యో తేలని మరణాల్లోనూ ఆ గడియారం ఆగదు. ఫోన్ ల్యాబుకు చేరేలోపు మూడు రోజులు గడిచిపోతే, పిల్ల ఆఖరి మెసేజ్ ఎవరికి పెట్టిందో తెలుసుకోవాలని తపించే తల్లిదండ్రులకూ అదే తలుపు మూసుకుంటుంది. ఆ బాధ చిన్నది కాదు. అయినా నేను ఈ ఫీచర్ వైపే నిలబడతాను. తాళం విప్పే పరికరం అది ఎవరి ఫోనో అడగదు కాబట్టి.

మన దగ్గర మాత్రం తాళం దాకా వెళ్లే పనే లేకుండా పోతోంది. 2021 అక్టోబరులో హైదరాబాద్ వీధుల్లో పోలీసులు బండ్లు ఆపి, ఫోన్లు తెరిపించి, వాట్సాప్ చాట్లలో 'గంజాయి' లాంటి మాటలు వెతుకుతున్న వీడియోలు బయటికొచ్చాయి. ఫోన్ ఓనరే తన వేలితో తెరిచి ఇస్తుంటే 72 గంటల గడియారం ఏం చేస్తుంది? ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల స్వాధీనానికి మార్గదర్శకాలు ఉండాలని 2023 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. అవి తయారయ్యేదాకా కేంద్ర సంస్థలు సీబీఐ మాన్యువల్‌ను పాటిస్తాయని డిసెంబరులో కేంద్రం హామీ ఇచ్చింది. వీధి మలుపులో బండి ఆపే రాష్ట్ర పోలీసులు ఆ హామీలో లేరు.