శంఖం ఎటు తిరిగింది?

పెరటి తీగ శంఖుపుష్పం, పూజగదిలో ఉండేది శంఖం, అన్నవరం ఏ మండలంలో ఉందంటే శంఖవరం. ఈ మూడింటికీ ఒకే పేరు ఎందుకని ఒక పాఠకురాలు అడిగారు. ఊళ్ల సంగతి ముందుగా ముగిస్తాను. ఊరి పేరులో శంఖం కనబడిన ప్రతిచోటా ఆకారమే కారణమని చెప్పలేము గాని, పూరీని శంఖక్షేత్రమని పిలవడానికి మాత్రం ఆ క్షేత్రం శంఖాకారంలో ఉందన్న నమ్మకమే ఆధారం.

పువ్వు విషయంలో పోలిక స్పష్టమే. చిక్కుడు, బఠాణీ పువ్వుల్లో అన్నిటికన్నా పెద్ద రేకు పైన గొడుగులా నిలుస్తుంది. అదే కుటుంబానికి చెందిన శంఖుపుష్పం మాత్రం తలక్రిందులై పూస్తుంది కాబట్టి ఆ పెద్ద రేకు అడుగున పరచుకుని, వెడల్పాటి నోటితో మొదలై మొదలు వైపు సన్నబడుతూ శంఖాన్ని తలపిస్తుంది. దింటెన అని కూడా పిలిచే ఈ తీగనే కేరళ వైద్యులు శంఖపుష్పిగా వాడితే, ఉత్తరాది వైద్యులు అదే పేరుతో నేలపై పాకే మరొక మొక్కను వాడుతారు. వినాయక చవితి పత్రిలో మనకు పరిచయమైన విష్ణుక్రాంతనూ కొందరు శంఖపుష్పి అనే అంటారు. ఒకే పేరున్న సీసాల్లో వేర్వేరు మొక్కలు ఉండవచ్చునన్న మాట.

ఇటువంటి గందరగోళానికి లాటిన్ పేర్లే మందు అని పాఠాల్లో చెబుతారు. అది నిజమే గాని, ఆ పేర్లు కూడా అరువు సొమ్మేనన్న సంగతి చెప్పరు. శంఖుపుష్పానికి 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ఇచ్చిన పేరులోని ‘టెర్నాటియా’ ఇండోనేషియాలోని టెర్నాటె దీవి నుంచి వచ్చింది. మన శంఖానికి ‘టర్బినెల్లా పైరమ్’ అని పేరు. ఆ ‘పైరమ్’ బేరి పండుకు సంబంధించిన మాట. ఇక్కడ పువ్వు సముద్రజీవి పేరును తీసుకుంటే, అక్కడ సముద్రజీవి పండు పేరునూ, పువ్వు దీవి పేరునూ తీసుకున్నాయి.

నన్ను ఎక్కువగా ఆకర్షించేది మాత్రం అరుదైన ఒక రకం శంఖానికి ఉన్న పేరు: దక్షిణావర్తం, అంటే కుడికి తిరిగినది. జంతుశాస్త్రజ్ఞులు శంఖాన్ని మొన (చుట్లు మొదలయ్యే కొస) పైకి, నోరు తమ వైపుకు ఉండేలా పట్టుకుంటారు. నోరు కుడివైపు కనబడితే అది కుడిచుట్టు. మామూలు శంఖాలన్నీ ఇటువంటివే. పూజా సంప్రదాయంలో మొన కిందికి ఉంటుంది. అలా తిప్పగానే అదే నోరు ఎడమవైపుకు వస్తుంది కనుక అదే శంఖం వామావర్తం, అంటే ఎడమకు తిరిగినది, అవుతుంది. తిప్పినందువల్ల శంఖంలో ఏ మార్పూ రాలేదు. మరమేకును తలక్రిందులుగా పట్టుకున్నా దాని మర దిశ మారనట్లే, శంఖం చుట్టు కూడా మారదు, మారేది మనం పెట్టే గుర్తు మాత్రమే. కాబట్టి సంప్రదాయం అపురూపమని పూజించే దక్షిణావర్త శంఖం, శాస్త్రం లెక్కలో ఎడమచుట్టుది. రెండు లెక్కలూ పరస్పర విరుద్ధమైన పేర్లు పెట్టినా, అరుదైనది ఏది అన్న విషయంలో ఒకే మాట మీద ఉన్నాయి.

ఈ చుట్టు ఎప్పుడు నిర్ణయమవుతుంది? శంఖం కూడా ఒక సముద్రపు నత్త గుల్లే కనుక, నత్తల్ని చూస్తే తెలుస్తుంది: గుల్ల ఏర్పడడానికి ఎంతో ముందే. నత్తల పిండం నాలుగు కణాల నుంచి ఎనిమిదికి చేరేటప్పుడు, పైన పుట్టే నాలుగు చిన్న కణాలు కింది కణాల మీద సరిగ్గా నిలువునా కూర్చోక, కాస్త పక్కకు మెలి తిరుగుతాయి. ఆ మెలిక గడియారపు ముల్లు దిశలో ఉంటే కుడిచుట్టు, ఎదురు దిశలో ఉంటే ఎడమచుట్టు. జపాన్ శాస్త్రవేత్త రేకో కురోడా బృందం చెరువు నత్త పిండాల్లో ఆ కణాలను సన్నని గాజు కడ్డీలతో ఎదురు దిశకు నెట్టగా, ఆ పిండాల నుంచి ఎదిగిన నత్తలు ఎదురు చుట్టుతోనే తయారయ్యాయని 2009లో ప్రకటించింది. మెలికను నడిపించే ప్రోటీన్‌ను తల్లి ముందుగానే అండంలో నింపుతుంది. అందువల్ల తల్లి జన్యువుల ప్రభావం తల్లి గుల్లలో కాక పిల్లల గుల్లల్లో బయటపడుతుంది. ఒక తరం ఆలస్యంగా నడిచే ఈ వారసత్వాన్ని 1923లో అమెరికా జన్యుశాస్త్రవేత్త స్టర్టెవాంట్ వివరించాడు. 2019లో కురోడా, ఆమె సహపరిశోధకుడు అబే కలిసి, జన్యువులను కత్తిరించి మార్చే క్రిస్పర్ పద్ధతిలో, ఆ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువును పనిచేయకుండా చేసినప్పుడు చెరువు నత్తలకు ఎడమచుట్టు సంతానం పుట్టింది. ఒక్క జన్యువు చెడితే శరీరమంతా అద్దంలో బింబంలా తారుమారైందన్న మాట. లక్ష్మీకటాక్షమని మనం కొలిచేది, చెరువు నత్తలో ఒక ప్రోటీన్ లోపం!

అరుదైన వస్తువు ఉన్నచోట మోసం తప్పదు. అమెరికా తీరాన పుట్టుకతోనే ఎడమచుట్టు కలిగిన పెద్ద సముద్రపు నత్త ఒకటి ఉంది; ఫ్లోరిడా వంటి చోట్ల అది మామూలు జీవి. దాని గుల్లనే దక్షిణావర్తమని ఇక్కడ అమ్ముతుంటారు. రెండింటినీ వేరు చేయడానికి పూజారి గాని, ప్రయోగశాల గాని అక్కరలేదు. నోటిలోపల నడిమి స్తంభాన్ని వేలితో తడిమి చూడాలి. మన సముద్రపు శంఖమైతే అక్కడ మూడు నాలుగు గట్టి మడతలు వేలికి తగులుతాయి. అమెరికా నత్తలో ఆ చోటు నున్నగా ఉంటుంది.