కొత్త ఓఎస్‌కి యాప్స్ ఎందుకు రావు? అపోహలు - వాస్తవాలు

2012 నుంచి నాలుగేళ్ల పాటు హైదరాబాద్‌లో విండోస్ ఫోన్‌కి యాప్స్ రాశాను. అది మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఓఎస్, అంటే ఫోన్‌ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్. ఆ ఫోన్ అంటే నాకు ఇప్పటికీ ప్రేమే. పదివేల చిల్లరకి దొరికిన లూమియా 520 కూడా ఎక్కడా ఆగకుండా హాయిగా నడిచేది. యాప్స్ లేకే అది పోయిందని అందరూ అంటారు, అది నిజమే. ఆ యాప్స్ ఎందుకు లేవని అడిగితే మాత్రం వినిపించే జవాబులు చాలావరకు తప్పు. మన దేశపు భార్‌ఓఎస్ అనో, హువావే వాళ్ల హార్మనీఓఎస్ అనో కొత్త ఓఎస్ పేరు వినపడినప్పుడల్లా అవే మాటలు మళ్లీ వస్తున్నాయి కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: స్టోర్‌లో లక్షల యాప్స్ ఉంటే కొరత లేనట్టే.

వాస్తవం: విండోస్ ఫోన్ స్టోర్ 2012 మధ్యకే లక్ష యాప్స్ దాటింది, 2014కి మూడు లక్షలకు చేరింది. అయినా ఇన్‌స్టాగ్రామ్ 2013 నవంబర్‌లో గానీ రాలేదు, అదీ బీటాగా, అంటే ఇంకా పరీక్షల దశలో. స్నాప్‌చాట్ అసలు రానేలేదు. రూడీ హ్యూన్ అనే ఫ్రాన్స్ డెవలపర్ 6ట్యాగ్, 6స్నాప్ పేర్లతో తనే యాప్స్ రాసి ఆ లోటు తీర్చాడు. 2014 డిసెంబర్‌లో స్నాప్‌చాట్ అభ్యంతరంతో 6స్నాప్ లాంటివన్నీ స్టోర్ నుంచి పోయాయి.

మనం రోజూ తెరిచేవి పదో పదిహేనో యాప్స్. వాటిలో మన బ్యాంకుది ఒక్కటి లేకపోయినా, మిగతావి లక్షల్లో ఉండి మనకి ఒరిగేదేమీ లేదు.

అపోహ: డెవలపర్లు బద్ధకించారు, చిన్న కంపెనీలు పట్టించుకోలేదు.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే మేం ఎంత పడ్డామో నాకు తెలుసు. 2010లో విండోస్ ఫోన్ 7 వచ్చినప్పుడు యాప్స్ సిల్వర్‌లైట్ అనే మైక్రోసాఫ్ట్ టెక్నాలజీలో రాసేవాళ్లు. 2012లో విండోస్ ఫోన్ 8 వచ్చింది. లోపలి కెర్నల్, అంటే ఓఎస్‌కి గుండెలాంటి భాగం, మారిపోయింది, పాత ఫోన్లకి ఆ అప్‌డేట్ ఇవ్వలేదు. పాత యాప్ కొత్త ఫోన్‌లో నడిచేది గానీ, కొత్త సౌకర్యాలు వాడాలంటే వేరే బిల్డ్ చేయాల్సిందే. 2014లో 8.1తో మరో పద్ధతి, 2015లో విండోస్ 10తో ఇంకో పద్ధతి. అదే యాప్‌ని, అదే కొద్దిమంది వాడుకరుల కోసం, ఐదేళ్లలో ఎన్నిసార్లు తిరగరాస్తారు? మా క్లయింట్లు రెండోసారికే లెక్కలు అడిగారు. వాళ్ల తప్పేం లేదు.

బయటివాళ్లకి కనపడని కొరత ఇంకొకటి ఉంది. యాప్ అంటే మేం రాసే కోడ్ ఒక్కటే కాదు. పేమెంట్ గేట్‌వే, మ్యాప్, నోటిఫికేషన్, క్రాష్ రిపోర్ట్, వీటన్నిటినీ వేరే కంపెనీలు తయారుచేసి ఎస్‌డీకేల రూపంలో, అంటే యాప్‌లో కలుపుకునే రెడీమేడ్ కోడ్‌గా, ఇస్తాయి. ఒక బస్ టికెట్ల సంస్థకి యాప్ చేస్తున్నప్పుడు, వాళ్ల పేమెంట్ గేట్‌వేకి ఆండ్రాయిడ్, ఐఫోన్ ఎస్‌డీకేలు ఉన్నాయి, విండోస్‌ది లేదు. గత్యంతరం లేక పేమెంట్ పేజీని యాప్‌లోపలే బ్రౌజర్‌గా తెరిచాం. ఓటీపీ కోసం వాడుకరి మెసేజ్‌లలోకి వెళ్లి తిరిగొచ్చేసరికి ఒక్కోసారి ఆ పేజీ మొదటికి వచ్చేసేది. డబ్బు కట్ అయ్యేది, టికెట్ వచ్చేది కాదు. పండగ రద్దీలో ఊరికి బయల్దేరినవాళ్ల టెన్షన్ ఊహించండి. మూడు వారాలు దాని మీదే కూర్చుని, సర్వర్ నుంచి బుకింగ్ స్థితి తెలుసుకునేలా మార్చాం. అదే పని ఆండ్రాయిడ్ టీమ్ ఒక్క పూటలో ముగించింది.

అపోహ: డబ్బు ఇస్తే యాప్స్ వాటంతట అవే వస్తాయి.

వాస్తవం: వస్తాయి, ఎలాంటివి వస్తాయన్నదే ప్రశ్న. 2013 జనవరిలో బ్లాక్‌బెర్రీ తన కొత్త ఓఎస్ బ్లాక్‌బెర్రీ 10 విడుదలకి ముందు, ఆమోదం పొందిన ప్రతి యాప్‌కి 100 డాలర్లు ఇస్తామంది. రెండు రోజులు కూడా గడవకముందే దాదాపు 15,000 యాప్స్ వచ్చి పడ్డాయి. మైక్రోసాఫ్ట్ కూడా అదే ఏడాది అలాంటి పథకమే పెట్టింది. అంత వేగంగా వచ్చే యాప్ ఎవరో ఒక సాయంత్రం కూర్చుని మార్చి పెట్టినదే. ఏడాది తర్వాత అందులో ఏదైనా చెడితే సరిచేయడానికి అటువైపు ఎవరూ ఉండరు.

అపోహ: లేని యాప్‌ని ఓఎస్ కంపెనీయే రాసుకోవచ్చు.

వాస్తవం: 2013 మేలో మైక్రోసాఫ్ట్ యూట్యూబ్‌కి చక్కటి యాప్ రాసింది. ప్రకటనలు చూపడం లేదని, వీడియోలు డౌన్‌లోడ్ చేయనిస్తోందని గూగుల్ అభ్యంతరం చెప్పింది. మార్పులు చేసి ఆగస్టులో మళ్లీ తెస్తే గూగుల్ దాన్నీ ఆపేసింది. అవతలివాళ్ల సర్వీస్ మీద నడిచే యాప్ అవతలివాళ్ల ఇష్టం మీదే బతుకుతుంది.

అపోహ: ఆండ్రాయిడ్ యాప్స్ నడిచేలా చేస్తే గొడవే ఉండదు.

వాస్తవం: ఇది సగం నిజం. బ్లాక్‌బెర్రీ 10లో ఆండ్రాయిడ్ యాప్స్ నడిచాయి. అయితే చాలా యాప్స్ నోటిఫికేషన్లకీ, మ్యాప్‌లకీ, లాగిన్‌కీ ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ పెట్టే ప్లే సర్వీసెస్ మీద ఆధారపడతాయి. అవి లేని చోట యాప్ తెరుచుకుంటుంది, కానీ మెసేజ్ వచ్చిన సంగతి చెప్పదు. ఈరోజు కొన్ని బ్యాంకు యాప్స్ అయితే ఫోన్‌కి గూగుల్ ధ్రువీకరణ లేకపోతే తెరుచుకోను కూడా తెరుచుకోవు. మైక్రోసాఫ్ట్ 2015లో ఆండ్రాయిడ్ యాప్స్‌ని విండోస్ ఫోన్లకి తెచ్చే ప్రాజెక్ట్ ఆస్టోరియా ప్రకటించి, 2016 ఫిబ్రవరిలో మానేసింది. ఆ మధ్యలో మా క్లయింట్లు 'ఆండ్రాయిడ్‌దే నడుస్తుందట కదా, విండోస్‌ది ఆపండి' అన్నారు. ఆపేశాం. తర్వాత రెండూ లేకుండా పోయాయి.

అపోహ: యాప్ లేకపోతే వెబ్‌సైట్ వాడుకోవచ్చు.

వాస్తవం: వార్తలకి, రైలు సమయాలకి సరిపోతుంది. 2014లో 1,999 రూపాయలకి మన దేశంలో అమ్మిన ఇంటెక్స్ క్లౌడ్ ఎఫ్ఎక్స్ ఈ నమ్మకం మీదే వచ్చింది, అందులో ఉన్నది ఫైర్‌ఫాక్స్ ఓఎస్, దాని యాప్స్ అన్నీ వెబ్ పేజీల్లాగే రాసినవి. 128 ఎంబీ ర్యామ్, 3జీ లేదు. అలాంటి ఫోన్‌లో వెబ్ పేజీ ఎంత బరువో వాడినవాళ్లకి తెలుసు. ఇప్పుడైతే యూపీఐ ఉంది. మొదట నమోదు చేసుకునేటప్పుడు యాప్ మన సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ పంపి, ఈ నంబర్ ఈ ఫోన్‌లోనే ఉందని తేల్చుకుంటుంది. బ్రౌజర్‌లోని పేజీకి ఆ వీలు లేదు.

అపోహ: కొత్త ఓఎస్‌కి పెద్ద యాప్స్ ఎప్పటికీ రావు.

వాస్తవం: ఫైర్‌ఫాక్స్ ఓఎస్ కోడ్ నుంచి పుట్టిన కైఓఎస్‌తో 2017లో జియోఫోన్ వచ్చింది. మొదట్లో వాట్సాప్ లేదు. ఫోన్లు కోట్లలో జనం చేతికి చేరాక, 2018 సెప్టెంబర్‌లో వాట్సాప్ ఆ కీప్యాడ్ ఫోన్ కోసం ప్రత్యేకంగా యాప్ రాసి ఇచ్చింది. 2024 జూన్‌లో దాన్నే కొత్తగా డౌన్‌లోడ్ చేసుకునే వీలు తీసేసింది.

అందుకే కొత్త ఓఎస్ ఫోన్ కొనమంటావా అని ఎవరైనా అడిగితే నేను యాప్స్ ఎన్ని ఉన్నాయో చూడను. వాళ్ల బ్యాంకు యాప్ ఆ స్టోర్‌లో వెతికి, చివరి అప్‌డేట్ తేదీ చూపిస్తాను. ఏడాది దాటి ఉంటే వద్దంటాను.