గోడ మధ్య బూడిద పట్టీ

చిరంజీవులకు ఆశీస్సులు.

బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు అయిన మీరు కూడబలుక్కుని చదవాలి కనుక అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. మొన్న బరంపురంలో ఉత్సవం రాత్రి గోడ మీద ప్రొజెక్టర్లతో వేసిన బొమ్మలు చూసి వస్తూ చిన్నది అడిగింది: "తాతయ్యా, వెలుగు బొమ్మలన్నీ బాగున్నాయి. నల్లటి ఆకాశం రాగానే మధ్యలో నిలువుగా బూడిద పట్టీ ఎందుకొచ్చింది?" పెద్దవాళ్లెవరూ ఆ పట్టీని చూడలేదు. నేనూ చూడలేదు. అప్పుడు నేను వేడి బఠాణీల బండి దగ్గర ఉన్నాను.

అంత వెడల్పు గోడకు ఒక ప్రొజెక్టర్ చాలదు. రెండు పెడతారు. రెండు బొమ్మలు కలిసే చోట ఏమవుతుందో నాకు చిన్నప్పుడే తెలుసు, ఎందుకంటే నేను సున్నం కొట్టినవాణ్ణి.

నా పదో ఏట సంక్రాంతికి వీధి గోడకు వెల్ల వేసే పని మా అన్నయ్యకూ నాకూ అప్పగించారు. వాడు తూర్పు కొస నుంచి, నేను పడమటి కొస నుంచి. మధ్యలో సందు మిగలకూడదని ఒకరి భాగంలోకి ఒకరం జానెడు మేర వెళ్లాం. తడి మీద ఏమీ తెలియలేదు. మర్నాటికి ఆరేసరికి గోడ మధ్య జానెడు వెడల్పున తెల్లటి నామం! "గోడకు నామం పెట్టారా నాయనా" అని నాన్నమ్మ ఊరంతా వినేలా నవ్వింది. చివరికి మేస్త్రీ వచ్చి కిటుకు చెప్పాడు: కలిసే చోటికి వచ్చేకొద్దీ నువ్వు కుంచె తేలిక చెయ్యి, అటువైపు వాడూ తేలిక చేస్తాడు, రెండూ కలిస్తే ఒక్క పూత. అన్నదమ్ములకూ అంతే అని మేస్త్రీ అనలేదు, నేనే అంటున్నాను.

ప్రొజెక్టర్లకూ ఇదే కిటుకు: రెండు బొమ్మలు కలిసే చోట ఒక్కోదాని వెలుగునూ అంచుకు వచ్చేకొద్దీ తగ్గిస్తారు. దీన్నే ఎడ్జ్ బ్లెండింగ్ అంటారు. ఒక్కో బొమ్మ వెడల్పు 1920 చుక్కలు అనుకోండి. అందులో ఐదో వంతు, అంటే 384 చుక్కలు, ఒకదాని మీద ఒకటి పడనిస్తే మొత్తం వెడల్పు 3840 కాదు, 3456. పోయిన చుక్కల కోసం ఏడవకూడదు. అతుకు దాగేది వాటి వల్లే.

అయితే నా సున్నం ఇక్కడ మోసం చేస్తుంది. కుంచె సగం ఒత్తితే సగం సున్నం పడుతుంది. ప్రొజెక్టర్ అలా వినదు. వెలుగుకు 0 నుంచి 255 వరకు అంకెలుంటాయి. సగం కదా అని 128 ఇస్తే గోడ మీద పడేది సుమారు ఐదో వంతు వెలుగే. నిజంగా సగం కావాలంటే 186 దాకా ఇవ్వాలి. ఈ వంకర లెక్క పేరు గామా. దాన్ని సరిచేయకపోతే అతుకు దగ్గర నామానికి బదులు నల్లచార పడుతుంది.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని మరొకటుంది. గోడ మీద గళ్ల బొమ్మ వేసి, గీతలు కలిసే బిందువులను ఒక్కొక్కటిగా జరుపుతారు. గోడ వంపు తిరిగితే గళ్లనూ వంచుతారు. అతుకు దగ్గర రెండు ప్రొజెక్టర్ల గీతలూ ఒక్క గీతగా కనబడాలి. కొంచెం తప్పినా అక్షరాలు జంటగా కనబడతాయి, కళ్లజోడు మరచిపోయిన నాకు లాగా. గళ్లు కుదరకుండా బ్లెండ్ మొదలుపెట్టేవాడు గోడ తుడవకుండా సున్నం కొట్టేవాడితో సమానం.

ఇప్పుడు చిన్నదాని పట్టీ సంగతి. పిల్లలూ, చీకటిని విసిరే దీపం లేదు. ప్రొజెక్టర్ నలుపు చూపిస్తున్నప్పుడు కూడా కాస్త వెలుగు కారిపోతూనే ఉంటుంది. రెండూ కలిసే చోట ఆ కారుడు రెట్టింపు. అంకె అప్పటికే సున్నా, ఇంకా ఎక్కడికి తగ్గిస్తారు? అందుకని తెలిసినవాళ్లు మిగతా గోడంతటికీ చిటికెడు వెలుగు కలిపి, నలుపునంతా ఆ పట్టీ స్థాయికి పెంచుతారు. ఒకచోట మరకను పోగొట్టలేక గోడంతా మరక రంగు వేయడం! నాకు ఇదంతా ఇప్పటికీ పూర్తిగా మింగుడుపడలేదు, కానీ ముచ్చటేస్తుంది.

ఈ రాత్రి గదిలో దీపాలు ఆర్పి, పది నిమిషాలు కళ్లను చీకటికి అలవాటు పడనివ్వండి. తరువాత అమ్మ ఫోనులోనూ నాన్న ఫోనులోనూ ఒక నల్లటి బొమ్మను తెర నిండా పెట్టి పక్కపక్కన చూడండి. టీవీలోనూ చూడండి. ఏది నిజంగా నల్లగా ఉందో, ఏది దొంగతనంగా వెలుగుతోందో నాకు జాబు రాయండి.

మీ తాతయ్య