1200 ఆంపియర్ల స్విచ్‌లో 1300 పంపవచ్చా?

ఒక హైటెన్షన్ కరెంటు లైన్ ట్రిప్ అయితే (దానంతటదే తెగిపోతే) దాని లోడంతా పక్క లైన్ల మీద పడుతుంది. అక్కడి ఐసోలేటర్ (లైన్‌ను విడదీసే పెద్ద స్విచ్) నేమ్‌ప్లేట్ మీద 1200 ఆంపియర్లు అని ఉంది, మీటరేమో 1300 చూపిస్తోంది. లైన్ తీసేయాలా, కాసేపు ఓపిక పట్టాలా? కంట్రోల్ రూమ్‌లో టెన్షన్ ఇక్కడే మొదలవుతుంది.

నిజానికి ఆ 1200 వెనక ఒక షరతు ఉంది. చుట్టూ గాలి 40 డిగ్రీల సెల్సియస్ ఉన్నా, ఆ కరెంటు ఎంతసేపు పారినా స్విచ్ హద్దు దాటి వేడెక్కదని దాని అర్థం. అమెరికా ప్రమాణాల్లో పాతకాలపు స్విచ్‌లు గాలి కంటే 30 డిగ్రీలు మించి వేడెక్కకూడదు. అంటే మొత్తం 70. ఇంత పిసినారితనం రాగి కాంటాక్టుల (స్విచ్ మూసినప్పుడు ఒకదాన్నొకటి తాకే భాగాల) వల్లే. రాగి వేడెక్కిన కొద్దీ పైన నల్లటి ఆక్సైడ్ పొర కడుతుంది. ఆ పొర కరెంటుకు అడ్డుపడుతుంది, అడ్డుపడిన చోట వేడి పెరుగుతుంది, ఆ వేడికి పొర ఇంకా మందమవుతుంది. చివరికి కాంటాక్ట్ కాలిపోతుంది. వెండి పూత వచ్చాక ఈ బెడద చాలా తగ్గింది, హద్దులూ సడలాయి.

లెక్క మాత్రం 1840ల నాటి జౌల్ సూత్రమే: వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. చలికాలంలో గాలి 10 డిగ్రీలే ఉందనుకోండి. 70కి ఇంకా 60 డిగ్రీల వెసులుబాటు ఉంది. 60ని 30తో భాగించి వర్గమూలం తీస్తే 1.41. అంటే అదే స్విచ్ 1200కి 1.41 రెట్లు, దాదాపు 1,690 ఆంపియర్లు మోస్తుంది. ఎమర్జెన్సీలో కొన్ని గంటలకు హద్దును 20 డిగ్రీలు పెంచితే, 40 డిగ్రీల ఎండలో కూడా 1,550 దాకా వెళ్లవచ్చు.

ఈ లెక్కలకు గిరాకీ పెంచినవి బ్లాకౌట్‌లే. 1965 నవంబర్ 9న నయాగరా దగ్గర ఒక రిలే (హద్దు దాటితే లైన్‌ను ఆపే రక్షణ పరికరం), బాగానే ఉన్న లైన్‌ను తెంచేసింది. దాని సెట్టింగ్ అంత తక్కువగా ఉందని ఆపరేటర్లకు తెలియదు. సుమారు 3 కోట్ల మంది చీకట్లో ఉండిపోయారు. 2003 ఆగస్టు 14న ఆ సంఖ్య 5 కోట్లు. ఆ తర్వాత ఉత్తర అమెరికాలో ప్రమాణాలు తప్పనిసరి అయ్యాయి: లైన్ రేటింగ్ (మోయగల కరెంటు హద్దు) అందులోని అతి బలహీనమైన పరికరం రేటింగును మించకూడదు. దాంతో అంతవరకూ ఎవరూ పట్టించుకోని స్విచ్, ఖరీదైన లైన్ మొత్తానికి బ్రేక్ వేసే స్థితికి వచ్చింది.

అయితే ఈ సూత్రం కాంటాక్ట్ శుభ్రంగా, బిగుతుగా ఉందనే అనుకుంటుంది. లూజ్ కాంటాక్ట్ ఉన్న స్విచ్‌కు 1200 కూడా ఎక్కువే. అందుకే లెక్క కట్టే ముందు థర్మల్ కెమెరాతో ఒకసారి దాన్ని చూసి వస్తారు.