కవ్వానికి దొరికిన మీగడ

"2005లో అమెరికా వాళ్ల దగ్గర తుఫానులకు పెట్టడానికి పేర్లు అయిపోయాయటగా, నిజమేనా?" అని ఒక పాఠకుడు అడిగారు. నిజమే. అట్లాంటిక్ తుఫానులకు ఏడాదికి 21 పేర్లు ముందే రాసి పెట్టుకుంటారు. క్యూ, యూ, ఎక్స్, వై, జెడ్ అక్షరాలతో సరిపడా పేర్లు దొరకవని వాటిని వదిలేశారు. ఆ ఏడు అక్టోబరు మధ్యకే జాబితాలో చివరి పేరు విల్మా కూడా వాడేశారు. తుఫానులు మాత్రం ఆగలేదు. దాంతో గ్రీకు అక్షరాలకు దిగారు: ఆల్ఫా, బీటా, గామా, డెల్టా, ఎప్సిలాన్, జీటా. సీజనంతా అయిపోయాక పాత ఉపగ్రహ చిత్రాలు తిరగేస్తే, అజోర్స్ దీవుల దగ్గర పేరు పెట్టకుండా వదిలేసిన తుఫాను ఇంకోటి బయటపడింది. మొత్తం 28. వాటిలో 15 బాగా బలపడి హరికేన్లయ్యాయి, అక్కడ బలమైన తుఫానును అలా అంటారు. ఎమిలీ, కట్రీనా, రీటా, విల్మా అన్నిటికన్నా పై మెట్టయిన అయిదో కేటగిరీకి చేరాయి. 2020లో 30 తుఫానులొచ్చి మళ్లీ గ్రీకు అక్షరాలే గతి అయ్యాయి. ఈ గోలంతా ఎందుకని 2021లో ఆ పద్ధతినే ఎత్తేశారు.

పేర్ల సంగతి ఇంతటితో చాలు. అన్ని తుఫానులు ఎందుకొచ్చాయంటే ఆ ఏడు అట్లాంటిక్ ఉపరితలం బాగా వేడెక్కి ఉంది, పై ఎత్తుల్లో తుఫానుల తలలు నరికే అడ్డగాలులు తగ్గాయి. ఇది ఎక్కడైనా దొరికే జవాబే. నన్ను ఇన్నేళ్లుగా వదలనిది ఇంకో ప్రశ్న. ఆగస్టులో మెక్సికో సింధుశాఖ మీద కట్రీనా నడిమధ్య గాలి పీడనం 902 మిల్లీబార్లకు పడిపోయింది. మూడు వారాలు దాటాయో లేదో, అదే సముద్రంలో రీటా 895కు దిగింది. అక్టోబరులో విల్మా 882. తుఫాను కంట్లో, అంటే నడిమధ్య గాలి నెమ్మదించే చోట, పీడనం ఎంత తగ్గితే తుఫాను అంత బలమైనదని లెక్క. ఒక్క సీజన్లో మూడు రాకాసులు, మూడూ దాదాపు ఒకే దారి పక్కన ఎందుకు రెచ్చిపోయాయి?

మా అమ్మమ్మ వాళ్లింట్లో దాలి ఉండేది. నేలలో గుంట, అందులో పిడకల నిప్పు, మీద పాలకుండ. సన్నసెగ మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాగి, పాలు ఎర్రబారి, పైన చేత్తో ఎత్తగలిగేంత మీగడ కట్టేది. ఇప్పుడు గ్యాస్ స్టవ్ మీద పది నిమిషాల్లో పొంగించిన పాల మీదా మీగడ కడుతుంది, కానీ కాగితమంత. పైనుంచి చూస్తే రెండూ ఒకటే. గరిటె పెడితేనే తేడా తెలిసేది.

సముద్రమూ అంతే. పైన ఎండకు కాగిన వెచ్చని పొర, దాని కింద చల్లని నీళ్లు. ఆ పై పొరను మీగడ అనుకోండి, తుఫానును కవ్వం అనుకోండి. తుఫానుకు ఇంధనం సముద్రం నుంచి లేచే ఆవిరి. ఆ ఆవిరి పైకెళ్లి మేఘంగా మారేటప్పుడు తనలో దాచుకున్న వేడిని వదులుతుంది. చుట్టూ ఉన్న గాలి తేలికపడుతుంది, కింద పీడనం తగ్గుతుంది, బయటి గాలి ఇంకా జోరుగా లోపలికి దూసుకొస్తుంది, ఇంకా ఆవిరి లేస్తుంది. ఇక్కడిదాకా అన్ని పాఠ్యపుస్తకాల్లోనూ ఉంది. వాళ్లు రాయనిదేమిటంటే, ఆ గాలే కింద సముద్రాన్ని చిలుకుతుంది కూడా. మీగడ పల్చగా ఉంటే కవ్వం రెండు తిప్పులు తిరిగేసరికి అడుగు నీళ్లు పైకొస్తాయి, పైనంతా చల్లబడుతుంది. అంటే తుఫాను తన పొయ్యిలో తనే నీళ్లు పోసుకుంటుంది. చాలా తుఫానులు ఒక హద్దు దాటి బలపడకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. ఇంకో చిక్కు కూడా ఉంది. తుఫాను చకచకా కదిలిపోతే తాను చల్లబరిచిన నీళ్లను వెనక్కి వదిలేసి కొత్త మీగడ మీదికి వెళ్తుంది. నత్తనడక నడిచేది మాత్రం తన చలిలో తానే కూర్చుంటుంది.

సముద్రం 26.5 డిగ్రీలు దాటితే తుఫాను పుడుతుందని బడిలో బట్టీ పట్టిస్తారు, మార్కులూ దానికే వేస్తారు. ఎంత లోతు దాకా అన్నది పిల్లాడు అడగడు, మాస్టారు చెప్పడు. పాల మీద వేలు పెట్టి వేడి చూసి మీగడ మందం చెప్పేసినట్టుంటుంది ఈ పాఠం.

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. కరీబియన్ సముద్రం ఏడాది పొడుగునా ఎండలో కాగే దాలి. ఆ వెచ్చని నీళ్లు మెక్సికోకూ క్యూబాకూ మధ్యనున్న యుకటాన్ జలసంధి గుండా ఉత్తరానికి, మెక్సికో సింధుశాఖలోకి పారతాయి. అక్కడ పెద్ద మెలిక తిరిగి ఫ్లోరిడా కింద నుంచి అట్లాంటిక్‌లోకి బయటపడతాయి. ఈ మెలికను లూప్ కరెంట్ అంటారు. కొన్ని నెలలకోసారి ఆ మెలిక తెగి, వందల కిలోమీటర్ల వెడల్పున్న వెచ్చని నీటి సుడి విడిగా పడమటికి కొట్టుకుపోతుంది. సింధుశాఖలో మామూలు చోట్ల మీగడ పల్చన. ఈ మెలికలోనూ, తెగిపడ్డ సుడిలోనూ వంద మీటర్లు దిగినా నీళ్లు వెచ్చగానే ఉంటాయి. ఆగస్టులో ఉపరితలం అంతటా 30 డిగ్రీలే కాబట్టి పైనుంచి చూసేవాడికి ఏ తేడా కనబడదు.

ఒక్క లెక్క వేసుకుందాం, ఇష్టం లేనివాళ్లు ఈ పేరా దాటేయొచ్చు. ఘనమీటరు సముద్రపు నీరు ఒక డిగ్రీ వేడెక్కాలంటే సుమారు 41 లక్షల జౌళ్ల శక్తి కావాలి. తుఫానుకు పనికొచ్చేది 26 డిగ్రీల పైనున్న వేడి మాత్రమే అనుకుందాం. మామూలు చోట పైన 30, కిందికి దిగేకొద్దీ తగ్గుతూ 40 మీటర్ల దగ్గర 26 అయిందనుకోండి. సగటున రెండు డిగ్రీలు ఎక్కువ. 41 లక్షలను రెండుతో, మళ్లీ 40తో గుణిస్తే చదరపు మీటరుకు దాదాపు 33 కోట్ల జౌళ్లు. మెలికలో 26 డిగ్రీల గీత 120 మీటర్ల లోతున ఉందనుకోండి, 98 కోట్లు. మనింటి 14.2 కిలోల గ్యాస్ బండలో ఉండే శక్తి సుమారు 65 కోట్ల జౌళ్లు. అంటే మామూలు సముద్రంలో చదరపు మీటరుకు సగం బండ, మెలికలో ఒకటిన్నర బండ. తుఫాను ఇందులో వాడుకునేది చిన్న వాటానే. కానీ ఎంత చిలికినా అడుగు చల్లనీళ్లు తగలకపోవడమే దానికి దొరికిన అసలు వరం.

ఈ మందాన్ని ఉపగ్రహాలు ఎలా పట్టుకుంటాయో తెలిశాక నేను చాలా రోజులు అందరికీ అదే చెప్పి విసిగించాను. వేడెక్కిన నీళ్లు వ్యాకోచిస్తాయి. కాబట్టి మందమైన వెచ్చని పొర ఉన్నచోట సముద్రమే కొంచెం ఉబ్బుతుంది. ఎంత? జానెడు నుంచి మూరెడు దాకా. వందల కిలోమీటర్ల వెడల్పున మూరెడు గుట్ట, ఓడలో వెళ్లేవాడికి జన్మలో తెలియదు. 1,300 కిలోమీటర్లకు పైఎత్తున 2013 దాకా తిరిగిన జేసన్-1 లాంటి ఉపగ్రహం కిందికి రాడార్ తరంగం పంపి, అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి ఆ ఎత్తును సెంటీమీటర్లలో కొలుస్తుంది. గరిటె ముంచకుండానే మీగడ మందం చెప్పడమన్నమాట.

ఆగస్టు 25న ఫ్లోరిడాను దాటినప్పుడు కట్రీనా ఒకటో కేటగిరీ, అంటే చిన్నదే. సింధుశాఖలో దిగింది, మెలిక మీదికి వచ్చింది, వెడల్పు దాదాపు రెండింతలైంది. 28న గంటకు 280 కిలోమీటర్ల గాలులు. తీరానికి దగ్గరయ్యేసరికి మీగడ వెనకబడింది, పొడిగాలి తగిలింది, కంటి చుట్టూ ఉన్న మేఘాల గోడ చెదిరింది. 29న లూసియానాలో తీరం తాకినప్పుడు అది మూడో కేటగిరీ. హమ్మయ్య అనుకోవాలా? కేటగిరీ చెప్పేది గాలిని, ఉప్పెనను కాదు. అంతకుముందు రోజే అంత వెడల్పు గాలి నెట్టిన నీళ్లు అప్పటికే దారిలో ఉన్నాయి. మిసిసిపీ తీరంలోని పాస్ క్రిస్టియన్ దగ్గర ఉప్పెన 8.5 మీటర్లు, రెండంతస్తుల మేడ మునిగే ఎత్తు. 1969లో అదే తీరాన్ని అయిదో కేటగిరీ కెమిల్ కొట్టింది. కెమిల్ గట్టిదే కానీ సన్నది. "కెమిల్‌నే తట్టుకుంది మా ఇల్లు" అని 2005లో కదలకుండా కూర్చున్నవాళ్లు కొందరు ఆ ధీమాతోనే పోయారు.

న్యూ ఆర్లీన్స్‌లో యాభైకి పైగా చోట్ల కరకట్టలూ గోడలూ తెగి నగరంలో 80 శాతం మునిగింది. కట్రీనా మృతులు 1,833 అని ఏళ్ల తరబడి చెప్పుకున్నారు, 2023లో ఆ లెక్కను 1,392కు సవరించారు. ఆ నగరపు తాగుళ్లకూ తందనాలకూ దేవుడు వేసిన శిక్ష ఇది అని ప్రసంగించిన మతబోధకులు అక్కడా ఉన్నారు. మన ఊళ్లలో గంగమ్మకు కోపమొచ్చిందనేవాళ్లకు వీళ్లేమీ తీసిపోరు. తమాషా ఏమిటంటే, ఆ తాగుళ్లకు పేరుపడ్డ ఫ్రెంచ్ క్వార్టర్ పెద్దగా మునగలేదు. నది వందల ఏళ్లుగా మేటవేసిన ఎత్తైన ఒడ్డు మీద ఉంది కాబట్టి. మునిగింది పల్లంలో ఉన్న ఇళ్లు, వాటిలో చాలా పేదలవి. గురి ఇంత తప్పే దేవుణ్ణి ఎందుకు నమ్మాలో ఆ బోధకులే చెప్పాలి.

రీటా కథ దాదాపు ఇదే, అందుకే పొడిగించను. సెప్టెంబరు 20న ఫ్లోరిడా దక్షిణపు దీవుల పక్కనుంచి వెళ్లింది, మరుసటి రోజుకే అయిదో కేటగిరీ. కట్రీనా చూసిన భయం పచ్చిగా ఉండడంతో హ్యూస్టన్ వైపు నుంచి పాతిక లక్షల మందికి పైగా ఒక్కసారే రోడ్లెక్కారు. మన తెలుగు కుటుంబాలు అప్పటికే ఆ నగరంలో బోలెడు. మామూలుగా నాలుగు గంటల ప్రయాణం రోజంతా పట్టింది, ఎండలో పెట్రోలు అయిపోయి కార్లు వరసలుగా ఆగిపోయాయి. తుఫాను తిరిగి తూర్పుకు జరిగి టెక్సస్, లూసియానా సరిహద్దులో తాకింది. ప్రయాణంలోనే వందమంది దాకా పోయారు.

విల్మా దాలి మీదే పుట్టింది. మెలికకు నీళ్లు పంపే వాయవ్య కరీబియన్‌లో అక్టోబరు నాటికి వేసవంతా కాగిన మీగడ పేరుకుని ఉంటుంది, అట్లాంటిక్‌లో అంత మందం ఇంకెక్కడా దొరకదు. అక్టోబరు 18న అది హరికేన్ కూడా కాని మామూలు తుఫాను. 24 గంటల్లో పీడనం 97 మిల్లీబార్లు పడిపోయింది. కన్ను మూసుకుపోతూ చివరికి నాలుగు కిలోమీటర్ల లోపు వెడల్పు మిగిలింది, ఊళ్లో పెద్ద చెరువంత. 882 మిల్లీబార్లంటే ఎంతో తెలియాలంటే హార్స్‌లీ హిల్స్ ఎక్కండి. అక్కడి గాలి ఎంత పలచనో, విల్మా కంట్లో సముద్రమట్టానే దాదాపు అంత పలచన. కొండంత గాలిని తుఫాను పైకి తోడేసిందన్నమాట. మిల్లీబారుకు సెంటీమీటరు చొప్పున, గాలి బరువు తగ్గినందుకే కింద సముద్రం నిలువెత్తుకు కొంచెం తక్కువగా ఉబ్బి ఉంటుంది. అట్లాంటిక్‌లో ఆ 882ను ఇప్పటికీ ఏ తుఫానూ దాటలేదు.

మన బంగాళాఖాతంలో ఈ మీగడ కథ ఇంకో రకం. వర్షాకాలం అయ్యేసరికి గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ మోసుకొచ్చిన మంచినీళ్లు ఉప్పునీటి మీద తేలుతుంటాయి. మంచినీళ్లు తేలిక, ఉప్పునీళ్లు బరువు. ఆ బరువు నీళ్లను పైకి లాగాలంటే కవ్వానికి ఎక్కువ శక్తి కావాలి. లాగినా ముందు వచ్చేది వెచ్చని ఉప్పునీళ్లే, చల్లనివి ఇంకా అడుగున ఉంటాయి. అందుకే అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతపు ఉత్తర భాగంలో తుఫాను పోయిన దారి పెద్దగా చల్లబడదు. 1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెనకో, 2014 అక్టోబరు నాటి హుద్‌హుద్‌కో ఇదే కారణమని నేను అనడం లేదు. ఏ తుఫానుకైనా పైగాలులూ తేమా దారీ అన్నీ కలిసి రావాలి.

అన్నట్టు, మీగడ సిద్ధాంతాన్ని ఇంతసేపు చిలికాక దాన్ని వెక్కిరించిన తుఫానుల మాట చెప్పకపోతే అన్యాయం. 2005 అక్టోబరులోనే విన్స్ అనే తుఫాను అట్లాంటిక్‌లోని మదీరా దీవి దగ్గర 23, 24 డిగ్రీల నీళ్ల మీద హరికేన్ అయి, నీరసించాక స్పెయిన్‌లో తీరం దాటింది. అక్కడ పైగాలి బాగా చల్లగా ఉండడంతో ఆ మాత్రం నీళ్లే వేడిగా పనిచేశాయి. 26.5 బట్టీ పట్టినవాళ్లకు ఇది ప్రశ్నగా ఇవ్వాలి. డిసెంబరులో ఎప్సిలాన్ వంతు. చల్లబడ్డ అట్లాంటిక్ నడుమ, రేపు నీరసిస్తుందని రోజూ చెబుతున్నా వినకుండా అది హరికేన్‌గానే నిలిచింది. మయామీ జాతీయ హరికేన్ కేంద్రంలో డ్యూటీలో ఉన్న నిపుణుడు తన బులెటిన్‌లో, ఇది బలపడడానికి స్పష్టమైన కారణాలేవీ లేవు, నేనొకటి కల్పించి చెప్పబోను అని రాశాడు. డిసెంబరు 30న జీటా లేచింది. దాన్ని కనిపెట్టుకుని కూర్చున్నవాళ్లకు కొత్త సంవత్సరం పాత సీజన్‌తోనే మొదలైంది. 2006 జాబితాలో మొదటి పేరు ఆల్బెర్టో వంతు ఇంకా రాకముందే, జనవరి 6న అది పైగాలులకు చెదిరిపోయింది.