పిల్లల లెక్కన టీచర్లు వచ్చారు, ఆయా ఏ లెక్కలోనూ లేదు

ప్రత్యేక విద్య టీచర్ల పోస్టుల వ్యవహారం తెలుగు రాష్ట్రాల్లో మళ్లీ రాజుకుంది. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రాల్లో ఏళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్న ప్రత్యేక టీచర్లు, అంటే ఐఈఆర్‌పీలు (ఇన్‌క్లూజివ్ ఎడ్యుకేషన్ రిసోర్స్ పర్సన్లు), తమను రెగ్యులర్ చేయాలంటున్నారు. స్పెషల్ బీఈడీ చదివి ఎదురుచూస్తున్నవాళ్లు పోస్టులన్నీ డీఎస్సీతోనే నింపాలంటున్నారు. ఇద్దరి వాదనలోనూ న్యాయం ఉంది. అయితే ఈ రెండు వర్గాలకూ బయట మూడో మనిషి ఉంది, ఆమె భవిత కేంద్రంలో ఆయా.

వికలాంగ పిల్లలను మామూలు బడుల్లో చదివించేందుకు 1974లో వచ్చిన కేంద్ర పథకం, తర్వాత సర్వశిక్షా అభియాన్ రోజుల్లో ప్రత్యేక టీచర్ల కాంట్రాక్టు నియామకాలు పాత సంగతులే. ఇప్పటి తగవుకు మూలం మాత్రం 2021 అక్టోబర్ 28న రజనీష్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. మామూలు బడుల్లోనూ ప్రత్యేక టీచర్లకు శాశ్వత పోస్టులు ఉండాలని, ఎంతమంది పిల్లలకు ఒకరో తేల్చాలని కోర్టు చెప్పింది. దాంతో 2022 జూన్ 10న కేంద్రం విద్యాహక్కు చట్టం షెడ్యూలును సవరించింది. ఐదో తరగతి వరకు పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక టీచర్, ఆరు నుంచి ఎనిమిది వరకు పదిహేను మందికి ఒకరు అని లెక్క కట్టింది.

అప్పటిదాకా దయాధర్మంగా సాగిన విషయం దీంతో హక్కుగా మారింది. 2024 డీఎస్సీలో తెలంగాణ 796 ఎస్జీటీ, 220 స్కూల్ అసిస్టెంట్ ప్రత్యేక విద్య పోస్టులు చూపింది. ఆంధ్రప్రదేశ్ 2025 ఏప్రిల్‌లో 2,260 పోస్టులు మంజూరు చేసింది. 2025 మార్చి 7న సుప్రీంకోర్టు మరో అడుగు వేసింది. ఏళ్లుగా కాంట్రాక్టు మీద ఉన్నవాళ్ల అర్హతలను స్క్రీనింగ్ కమిటీ పరిశీలించాలంది. ఐఈఆర్‌పీల ఆశలన్నీ ఇప్పుడు ఈ ఆదేశం మీదే ఉన్నాయి. కమిటీ చూసేది ప్రత్యేక విద్య కోర్సులకు గుర్తింపు ఇచ్చే భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తించిన శిక్షణ ఉందా లేదా అనే. ఆయాకు ఆ శిక్షణ ఉండదు.

మరి బడిలో ఆమె చేసే పని ఏమిటి? సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లను బాత్రూమ్‌కు ఎత్తుకెళ్లాలి, బట్టలు మార్చాలి, మధ్యాహ్న భోజనం కలిపి తినిపించాలి. ఫిట్స్ వస్తే పక్కన ఉండాలి. అలిగి గేటు దాటి పరిగెత్తే ఆటిజం పిల్లాడిని బుజ్జగించి వెనక్కి తేవాలి. ఐఈఆర్‌పీ మండలంలోని బడులన్నీ తిరగాలి, మంచం దిగలేని పిల్లల ఇళ్లకు వెళ్లాలి. కాబట్టి రోజంతా పిల్లల దగ్గర ఉండేది ఆయానే. భవిత కేంద్రం దాటి మామూలు తరగతికి వెళ్తే ఆమె కూడా ఉండదు. అక్కడ ఆ పని తల్లి మీద పడుతుంది. పిల్లకు ఎప్పుడు అవసరం వస్తుందో తెలియక బడి అరుగు మీదే పొద్దుగూకేదాకా కూర్చునే తల్లులున్నారు. వాళ్ల కూలి పోతుంది. పిల్లను బడికి తీసుకొచ్చేవాళ్ల కోసం ఇచ్చే ఎస్కార్ట్ అలవెన్సు ఆ నష్టాన్ని పూడ్చదు. తల్లి రాలేని రోజు పిల్ల బడికి రాదు.

నిధులు సమగ్ర శిక్ష కింద 60:40 నిష్పత్తిలో వస్తాయని, ఏటా కేంద్రం ఆమోదించిన మేరకే సిబ్బందిని పెట్టగలమని అధికారులంటారు. అది నిజమే. కానీ 2021 తీర్పుకు ఐదేళ్ల ముందే, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ ఉపాధ్యాయుల మాట ఒక చోట చెప్పి, సహిత విద్యకు, అంటే అందరు పిల్లలతో కలిపి చదివించడానికి, తోడ్పడే నిపుణులకూ సిబ్బందికీ శిక్షణ ఇవ్వాలని విడిగా చెప్పింది. నిష్పత్తి ఖరారు చేసేటప్పుడు మొదటిది, అంటే ఉపాధ్యాయులే, లెక్కలోకి వచ్చింది.

స్క్రీనింగ్ కమిటీకి ఐఈఆర్‌పీలు సర్టిఫికెట్లు చూపించగలరు. డీఎస్సీకి నిరుద్యోగులు దరఖాస్తు చేసుకోగలరు. ఆయాకు దరఖాస్తు చేసుకునే పోస్టే లేదు, ఎంతమంది పిల్లలకు ఒక సహాయకురాలు ఉండాలో చెప్పే నిబంధన 2022 షెడ్యూలులో లేదు.