పేగు గోడలోని రక్షణ కణాలు: పుట్టిల్లు ఒకటి, మెట్టినిల్లు ఇంకొకటి

నేను పాథాలజిస్టుని. చిన్నపేగు బయాప్సీ స్లైడును మైక్రోస్కోప్ కింద పెడితే పొడవాటి కణాలు దడి కట్టినట్టు వరుసగా కనిపిస్తాయి. వాటి సందుల్లో ఆవగింజల్లా నల్లగా, చుట్టూ సన్నటి తెల్లని వలయంతో లింఫోసైట్లు (తెల్ల రక్తకణాల్లో ఒక రకం) ఇరుక్కుని ఉంటాయి. నూరు పొర కణాలకు ఇవి 25 దాటితే సీలియాక్ జబ్బేమోనని (గోధుమల్లోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినడం) అనుమానిస్తాం, నొప్పి మాత్రల వల్ల పెరిగాయేమో కూడా చూస్తాం. అసలు ఇవి ఎక్కడి నుంచి వచ్చాయన్న దగ్గరే చాలామంది పొరబడతారు.

అపోహ: ఇమ్యూనిటీ అంతా పేగులోనే తయారవుతుంది.

వాస్తవం: ఉండటం వేరు, పుట్టడం వేరు. శరీరంలోని ప్లాస్మా కణాల్లో (యాంటీబాడీలు తయారుచేసేవి) ఎక్కువ భాగం పేగు గోడలోనే ఉంటాయి, నిజమే. కానీ వాటి వంశం మొదలయ్యేది ఎముక మజ్జలో. అక్కడ పుట్టిన బీ కణం (చివరికి ప్లాస్మా కణంగా మారే లింఫోసైటు ఇదే) రక్తం ద్వారా చిన్నపేగులోని లింఫోసైట్ల గుంపులైన పేయర్స్ ప్యాచెస్‌కు చేరుతుంది (1677లో పేయర్ వర్ణించినవే ఇవి). అక్కడ సూక్ష్మజీవులను గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. ఆ తర్వాతే తమాషా. పక్కనే ఉన్న గోడలోకి నేరుగా పోదు. లింఫ్ నాళాల్లో పడి, ఛాతీలోని పెద్ద నాళం మీదుగా రక్తంలో కలిసి, ఊరంతా తిరిగి మళ్లీ పేగుకే వస్తుంది. 1964లో గోవన్స్, నైట్ అనే పరిశోధకులు ఆ ఛాతీ నాళంలోని కణాలకు రేడియోధార్మిక గుర్తు పెట్టి ఎలుకల్లోకి ఎక్కిస్తే, పెద్ద లింఫోసైట్లు పేగు గోడలోనే తేలాయి.

దారి ఎలా తెలుస్తుంది? పేగులోని డెండ్రిటిక్ కణాలు (సూక్ష్మజీవుల ముక్కలను లింఫోసైట్లకు చూపించేవి) విటమిన్ ఎ నుంచి రెటినోయిక్ ఆమ్లం తయారుచేస్తాయి. దాని ప్రభావంతో శిక్షణలో ఉన్న కణం మీద ఆల్ఫా4బీటా7 అనే ప్రొటీన్ మొలుస్తుంది. పేగు రక్తనాళాల లోపలి గోడ మీద దానికి సరిపోయే కొక్కెం ఉంటుంది. కణం అక్కడ తగులుకుని లోపలికి దిగుతుంది.

అపోహ: పొర సందుల్లోని టీ కణాలు (మొదట చెప్పిన లింఫోసైట్లలో ఎక్కువ ఇవే) థైమస్ (ఛాతీలో టీ కణాలు తయారయ్యే గ్రంథి) గడప తొక్కకుండా పేగులోనే పుడతాయి.

వాస్తవం: ఇది మామూలు జనం అపోహ కాదు, మా వాళ్లదే! 1996లో జపాన్ పరిశోధకులు చిట్టెలుకల పేగులో క్రిప్టోప్యాచెస్ అనే చిన్న గుంపులను కనుగొన్నారు. టీ కణాలు అక్కడే తయారవుతాయన్న వాదన బలపడింది. 2004లో పరిశోధకులు ఎబెర్ల్, లిట్‌మన్ కణాలకు చెరగని జన్యు గుర్తు పెట్టి చూస్తే, పేగులోని ఆల్ఫాబీటా రకం టీ కణాలు థైమస్ దాటి వచ్చినవేనని తేలింది. అయితే థైమస్ లేని చిట్టెలుకల్లోనూ గామాడెల్టా అనే ఇంకో రకం టీ కణాలు కొన్ని కనిపిస్తాయి కాబట్టి పాత వాదనను పూర్తిగా కొట్టిపారేయలేం.

అపోహ: పేగును కాపాడే కణాలన్నీ వలస వచ్చినవే.

వాస్తవం: కాదు. సూక్ష్మజీవులను చంపే ప్రొటీన్లు వదిలే పానెత్ కణాలు పేగు మూలకణాల నుంచే పుడతాయి, అచ్చంగా ఆ ఇంటి పిల్లలే.

అపోహ: జబ్బు పేగులో ఉంటే మందు రక్తంలోకి ఎక్కించి ఏం లాభం?

వాస్తవం: పేగు దీర్ఘకాలం వాచి ఉండే జబ్బులైన అల్సరేటివ్ కొలైటిస్‌కు, క్రోన్స్‌కు 2014 నుంచి వాడుతున్న వెడోలిజుమాబ్ అనే మందు పట్టుకునేది ఆ ఆల్ఫా4బీటా7నే. అంటే కొత్తగా వచ్చే కణాలను గుమ్మం దగ్గరే ఆపుతుంది, లోపల ఉన్నవాటిని బయటికి గెంటదు. అందుకే రెండో డోసుకే "పనిచేయట్లేదు" అని టెన్షన్ పడే వాళ్లకు, 14 వారాల దాకా చూడాలని డాక్టర్లు చెబుతుంటారు.